సగం కథ పేరు పెట్టుకున్న బోటు

కళింగపట్నం లైట్‌హౌస్ వెలుగు అందేంత దూరంలో ఉన్న ఆ పల్లెలో, గాలి ఎటు తిరుగుతుందో తెలుసుకోవాలంటే సూరయ్యని అడుగుతారు. సినిమా చూడొచ్చా మానొచ్చా అన్నది మాత్రం గంగులుని అడుగుతారు. ముప్పై అయిదు దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా శ్రీకాకుళంలో కొత్త సినిమా పడిందంటే ఇంట్లో కాలు నిలవదు. చూసొచ్చి, వలలు బాగుచేసుకునే పాకలో కూర్చుని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. "ఒకసారి సూడొచ్చు" అన్నాడంటే సినిమా బాగుందని. "టీవీలో వచ్చినప్పుడు సూద్దాం" అన్నాడంటే ఆటో ఎక్కడం దండగని. "పాటలు బాగున్నాయి" అన్నాడా, ఇక ఆ సినిమా ఊసు ఎవరూ ఎత్తరు. పట్నంలో వాళ్ళు ఫోన్లలో చుక్కలు లెక్కపెట్టుకుంటారు గానీ ఈ పల్లెకి ఆ బాధ లేదు.

అలాంటి గంగులు ‘జలధీర’ రెండో భాగం చూసొచ్చి నోరు విప్పలేదు. పాకలోకి వచ్చి కూర్చున్నాడు, వల ఒళ్ళోకి లాక్కున్నాడు, చిరుగు వెతుక్కున్నాడు. ఎదురుచూసి ఎదురుచూసి జనం ఇళ్ళకి పోయారు.

ఎందుకో తెలియాలంటే బోటు సంగతి చెప్పాలి.

అక్కడ బోట్లకి అమ్మోరి పేర్లు పెడతారు, లేదంటే ఇంట్లో పిల్లల పేర్లు. గంగులు తన ఫైబర్ బోటుకి జలధీర అని సినిమా హీరో పేరు పెట్టాడు. పేరుతో ఊరుకున్నాడా, ముక్కుకి రెండు పక్కలా బొమ్మ కూడా వేయించాడు. నీలం అంగీ, చాచిన చెయ్యి, అరచేతి మీద లేచి నిలబడ్డ కెరటం. బొమ్మ వేసినవాడు సినిమా చూశాడో లేదో గానీ, హీరో మొహం అచ్చం ధర్మేంద్ర వాళ్ళ నాన్న మొహంలా వచ్చింది. ధర్మేంద్ర ఆ బోటు మీద వేటకెళ్ళే నలుగురిలో ఒకడు. హిందీ సినిమాల మోజులో కొడుక్కి ఆ పేరు పెట్టుకున్న ముసలాయనకి, తన మొహమే హీరో అయి కూర్చుంటే ఎంత సంబరమో చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్న ఒడ్డుకొచ్చి తనని తాను చూసుకుని పోయేవాడు.

గంగులు తల్లి లక్ష్మణమ్మ ఒక్కతే మొదట్నుంచీ ఒప్పుకోలేదు. ఆవిడ సినిమాలు చూడదు. కానీ మొదటి భాగం చివర మిగతా కథ తర్వాత అని పడిందని కోడలు ఉష నోరు జారింది. ఆ మాట పట్టుకుంది ముసల్ది.

"కత అవనోడి పేరు ఎట్టుకుంటారేటిరా. రేపు ఆడు ఏటవుతాడో ఎవులికి తెలుసు?"

"ఆడు హీరో అమ్మా. హీరోకి ఏటవ్వదు."

"మీ నాన్న కూడా ఏటవ్వదనే ఎల్లినాడు."

గంగులు తండ్రి గుజరాత్‌లో వీరావల్ రేవుకి కూలికి పోయేవాడు. ఈ తీరం మగవాళ్ళు సగం మంది పోయేది అక్కడికే. అక్కడివాళ్ళ పెద్ద బోట్లెక్కి నెలల తరబడి వేట చేసి వస్తారు. ఒక ఏడు ఆయన ఎక్కిన బోటు గాలివానలో పడి తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు. గంగులుకి అప్పటికి మీసమైనా రాలేదు. శ్రీకూర్మం తీసుకెళ్ళి పిండం పెట్టిద్దామని కులపెద్దలు వచ్చి అడిగితే, మనిషి కనబడకుండా పిండమేటని లక్ష్మణమ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఇప్పటికీ పొద్దున్నే మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుంటుంది. వెనకాల ఆడాళ్ళు ఏమనుకుంటారో ఆవిడకి తెలియక కాదు. మొగుడి పేరు నోటితో అనదు, ఆ కాలం ఆడవాళ్ళెవరూ అనరు. ఆఫీసుల్లో పేరడిగితే కొడుకు వైపు చూసి, "నువ్వు సెప్పు" అంటుంది.

కొడుకూ ఆ వీరావల్‌కే పోయాడు, మరేం చేస్తాడు. కొన్నేళ్ళు పరాయి బోట్ల మీద నడుం విరిగేలా వలలు లాగాడు. అక్కడ ఒకనాడు బావమరిది శివాజీతో కలిసి ‘జలధీర’ మొదటి భాగం చూశాడు. అందులో హీరో కూడా కలాసీయే, ఎవడి బోటు మీదో పనివాడు. కెరటాలు తన మాట వింటాయని వాడికే తెలియదు. తెలిసిన రోజున ఓనరు ముందు తాడు కింద పడేసి, "నా సముద్రం దగ్గరికి నేను పోతాను" అని నడిచి వెళ్ళిపోతాడు. హాల్లో ఉన్న కలాసీలంతా కుర్చీలెక్కి ఈలలు వేశారు. గంగులు మాత్రం కూర్చునే ఉన్నాడు. బయటికొచ్చాక శివాజీతో, "బావ, ఎల్లిపోదామా" అన్నాడు. శివాజీ రూముకి అనుకున్నాడు. గంగులు అన్నది ఊరికి.

అలా వచ్చాడు. నలుగురు కలిశారు. గంగులు, శివాజీ, మేనమామ సూరయ్య, ధర్మేంద్ర. గొప్పగా గడిచిందని చెప్పను గానీ, చీకటి పడేసరికి ఎవరింట్లో వాళ్ళు అన్నం తింటున్నారు. లక్ష్మణమ్మకి అంతకంటే పెద్ద వరం లేదు. పేరు నచ్చకపోయినా బోటు ఒడ్డుకి రాగానే వచ్చి బుట్ట పట్టుకుని నిలబడేది.

రెండో భాగం వేట నిషేధం తీసేశాక, వానలు పట్టిన రోజుల్లో వచ్చింది. పల్లె మొత్తం ఆటోల్లో శ్రీకాకుళం కదిలింది. జలధీర బోటు మనుషులంటే హాలు దగ్గర కూడా ఒక పరువు ఉంది, ముందు వరస వాళ్ళదే. ఇంటర్వెల్ దాకా సినిమా సాగింది, సాగింది. విలన్ ఒక గాజు గదిలో కూర్చుని సముద్రానికి ఇంజక్షన్లు చేస్తుంటాడు. హీరోయిన్ ఎందుకుందో ఆవిడకే తెలియదు. గంగులు మనసులో "పాటలు బాగున్నాయి" దాకా వచ్చేశాడు. అప్పుడు మొదలైంది. సముద్రం ఊళ్ళ మీదికి లేచింది. హీరో ఒక్కడూ తన చిన్న బోటు వేసుకుని దానికి ఎదురెళ్ళి, చెయ్యి చాచి, ఆగమన్నాడు. ఆగింది. ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి, తిరుగుతూ తిరుగుతూ వాణ్ణి తనతో తీసుకుపోయింది. హాల్లో ఈల లేదు, కేక లేదు. చివర్లో ఒడ్డు మీద బోల్తా పడ్డ బోటు ఒకటి, దాని ముక్కు మీద పేరు. జలధీర. నీటి అంచున ఇసకలో ఒక చెయ్యి. ఆ చేతివేళ్ళు కొంచెం కదిలాయి. తెర నల్లబడిపోయింది.

ముందు వరసలో అందరి తలలూ గంగులు వైపు తిరిగాయి.

అతనికి ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఐసు పెట్టెలో చేపలు సర్దుతూ ఉంటే కాసేపటికి చేతులు తిమ్మిరెక్కిపోయి, ముల్లు దిగినా తెలియదు. లోపలంతా అలా ఉంది. ఆటోలో ఉష ఏదో అడిగింది, ఏదో చెప్పాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, ఏం కూరో తెలియలేదు.

మర్నాడు చీకటితోనే ఒడ్డుకి వెళ్ళి బోటు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. తెల్లారాక శివాజీ వచ్చి పిల్లకి జ్వరమన్నాడు. ధర్మేంద్ర ఫోన్ చేసి నడుం పట్టేసిందన్నాడు. సూరయ్య మావ మాత్రం అబద్ధం ఆడడం రానివాడు, దూరంగా నిలబడి, ఆకాశం చూసి, బోటు మీద పేరు చూసి, "గాలి బాగానేదురా" అని వెళ్ళిపోయాడు. గాలి లేనే లేదు. పక్క బోట్లన్నీ అప్పటికే అల దాటేశాయి.

ఆ మర్నాడూ అంతే. బోల్తా పడ్డ బోటు పేరే తమ బోటు పేరు. ఏ తల్లి, ఏ పెళ్ళాం ఎక్కనిస్తుంది? ఎవరి ఇంట్లో ఏ మాటలు నడిచాయో గంగులుకి వేరే చెప్పాలా, తన ఇంట్లో ఉషే పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంటోంది. పేరు చెరిపేద్దామంటే, పేరు చెరిపిన బోటు మొండెం లాంటిదని సూరయ్య అసలే ఎక్కడు. ధర్మేంద్ర వాళ్ళ నాన్న కూడా ఒడ్డుకి రావడం మానేశాడు.

పాకలో మాత్రం వాదన జోరుగా ఉంది. చెయ్యి కదిలింది కాబట్టి హీరో బతికే ఉన్నాడని ధర్మేంద్ర అంటాడు. ఫోన్లో అందరూ అదే అంటున్నారు, మూడో భాగం వస్తుందట, వాడు తిరిగొస్తాడట. శివాజీ గంగులు పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"బావ, నీ మాటంటే ఊరికి గురి. ఆడు బతికున్నాడని ఒక్క ముక్క సెప్పీ. రేపే బోటు దిగిపోద్ది. మా ఇంటిదాన్ని నేను ఒప్పిస్తాను."

గంగులు నోరు తెరిచాడు. చెప్పడానికి ఎంతసేపు? బతికే ఉన్నాడు. రెండు మాటలు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో విన్న మాటలే. గుమ్మం ముందుకొచ్చిన ప్రతివాడూ అమ్మతో అన్నదదే, బతికే ఉంటాడప్పా, వస్తాడు.

"సూద్దాంలే బావ" అన్నాడు.

"ఏటి సూస్తావు? హరిబాబు మళ్ళీ ఫోన్ సేసినాడట గదా?"

చేశాడు. హరిబాబు అంటే వీరావల్‌కి మనుషుల్ని పంపే మేస్త్రి. శ్రావణం రాకముందే జట్టు రైలెక్కుతుంది, పాత మనిషివి, చోటు ఉంచానన్నాడు. గంగులు సరేనని అనలేదు, కాదనీ అనలేదు. సంచీ ఎక్కడుందని మాత్రం ఉషని అడిగాడు. ఉష సంచీ తీసి మంచం మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోముకుంది. ‘నా సముద్రం దగ్గరికి పోతాను’ అన్నవాడే చచ్చిపోతే ఇక ఇంట్లో ఉండి చేసేదేముంది, అనుకున్నాడు గంగులు. అది కూడా బాధగా అనుకోలేదు. ఇంజనులో డీజిల్ అయిపోయిందని అనుకున్నట్టు అనుకున్నాడు.

సాయంత్రం లక్ష్మణమ్మ ఇంటి ముందు ఇసకలో ఆరేసిన నెత్తళ్ళు ఎత్తుతోంది. గంగులు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ తల ఎత్తకుండా అంది.

"ఆ సినిమా కత సెప్పు."

పుట్టి బుద్ధెరిగి తల్లి నోట ఆ మాట వినలేదు. చెప్పాడు. మొదటి భాగం నుంచి చెప్పాడు. గాజు గదీ చెప్పాడు, పాటలూ చెప్పాడు, కూలిపని మానేసి ఇంటికొచ్చింది చెప్పాడు, సముద్రానికి ఎదురెళ్ళింది చెప్పాడు. గొంతులో ఏ హెచ్చుతగ్గూ లేదు. ఆవిడ చేపలు ఎత్తుతూనే వింది.

"సెయ్యి కదిలిందంటన్నారు గదరా."

"కదిలింది. కెరటం లాగితే ఏదైనా కదుల్తాది."

"ఊరంతా బతికున్నాడంటన్నాది. నువ్వేటంటావు?"

ఊరు ఊరంతా రెండు రోజులుగా అడుగుతున్నది అదే. గంగులు సముద్రం వైపు చూశాడు.

"సచ్చిపోనాడమ్మా. నిజంగానే సచ్చిపోనాడు. అందుకే ఆ సినిమా బాగున్నాది."

లక్ష్మణమ్మ చెయ్యి చేపల మీద ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఈ మాట ఎవులో ఒకులు సెప్పాలి గదా" అంది. "నాకెవులూ సెప్పనేదు."

ఇసక మీద మిగిలిన నాలుగు నెత్తళ్ళు ఏరి బుట్టలో వేసి, బుట్ట కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుంది.

"అయితే ఆడి కత అయిపోనాది. అయినోడి పేరు ఎట్టుకోవచ్చు. సచ్చిన తాతల పేర్లే కదేటి మనవలకి ఎడతాం. మన బోటుకి పేరిచ్చినోడికి మనం కూడెట్టనేదు, అదీ తప్పు. రేపు కూడెట్టి పెద్దల్లో కలిపీద్దాం. అప్పుడు ఎక్కండి బోటు."

"ఎవులికి, సినిమావోడికా?"

"మరెవులికి? ఆడికి తినడానికేటిష్టం?"

గంగులుకి నవ్వొచ్చి ఉండాల్సింది. రాలేదు. ఆలోచించి చెప్పాడు. "తరవాణన్నం, ఎండునెత్తళ్ళు. మొదటి పార్టులో అదే తింటాడు."

"అయితే మనోడే" అంది లక్ష్మణమ్మ, బుట్ట ఎత్తుకుంటూ.

మర్నాడు పొద్దు పొడిచేవేళకి ఆవిడే ఇంటింటికీ వెళ్ళి ముగ్గుర్నీ పిలుచుకొచ్చింది. పిలిస్తే రానన్న మగవాడు ఆ పల్లెలో లేడు. కొడుకు ఏమన్నాడో కూడా ఆవిడే చెప్పేసింది. శివాజీ గంగులు వైపు చూసి తల కొట్టుకున్నాడు.

"ఎంతపని సేసినావు బావ. బతికున్నాడంటే ఏటి పోయేది?"

ధర్మేంద్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, మరి మూడో పార్టులో వస్తే?"

"వస్తే నేను సూడను" అన్నాడు గంగులు.

బోటు ముక్కు ముందు నీళ్ళు చల్లి, లక్ష్మణమ్మ అడ్డాకు విస్తరి పరిచింది. తరవాణన్నం పెట్టింది, వేపిన నెత్తళ్ళు పెట్టింది, ఉల్లిపాయ చిదిమి పెట్టింది. తర్వాత చంకలో సంచీలోంచి ఇంకో విస్తరి తీసి దాని పక్కన పరిచింది. అందులో అన్నం, చేపల పులుసు. చివర ఒక బీడీ కట్ట.

గంగులు ఆ బీడీ కట్ట చూశాడు. అతను బీడీ కాల్చడు. చిన్నప్పుడు నాన్నకి ఆ కట్ట కొనుక్కురావడానికి పరిగెత్తేవాడు. సూరయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అప్పా" అన్నాడు అక్కతో.

లక్ష్మణమ్మ కర్పూరం వెలిగించి కొడుకు చేత తిప్పించింది. వెనక్కి జరిగి నిలబడ్డారు. చేపలెండే ఒడ్డు, అక్కడ కాకులకి కరువా? మొదటి విస్తరి మీద ఒకటి వాలింది, ఇంకోటి వాలింది. నెత్తళ్ళు ముక్కున కరుచుకుని తినేస్తున్నాయి. "తీసుకున్నాడు" అన్నాడు ధర్మేంద్ర గట్టిగా ఊపిరి వదిలి. చుట్టూ చేరిన ఆడవాళ్ళు చేతులు జోడించారు. శివాజీ పెళ్ళాం కూడా ఉంది వాళ్ళలో.

రెండో విస్తరిని ఒక్క కాకీ ముట్టలేదు. పక్కనే గెంతుతున్నాయి, చూస్తున్నాయి, తిరిగి మొదటిదాని మీదికే పోతున్నాయి. ముట్టలేదంటే పోయినవాళ్ళకి ఏదో దిగులు మిగిలి ఉందని. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఎండ పైకొస్తోంది. పులుసు మీద ఈగలు వాలుతున్నాయి.

"ఇదిగో" అంది లక్ష్మణమ్మ విస్తరి వైపు చూసి. "నిన్నే. తిను."

కాకులు కదల్లేదు.

"పేరెట్టి పిలవాలప్పా" అన్నాడు సూరయ్య నెమ్మదిగా. "అలగ పిలిస్తే ఎవుల్నో అనుకుంటాడు."

ఆవిడ అలవాటుగా కొడుకు వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. గంగులు చెప్పలేదు. లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది.

"జగన్నాధం" అంది.

కొత్త మాట నేర్చుకుంటున్నదానిలా అంది. తల్లి నోట తండ్రి పేరు గంగులు వినడం అదే మొదలు.

"జగన్నాధం, నువ్వు సచ్చిపోనావు. నాకు తెలుసు. ఈడి గురించి బెంగెట్టుకోకు. ఈడ్ని వీరావలు పంపను. ఇక్కడే ఉంటాడు, సాయంత్రానికి ఇంటికొస్తాడు. శ్రీకూర్మంలో నీకు సెయ్యాల్సింది సేస్తాడు."

తిమ్మిరెక్కిన చెయ్యి వదిలేటప్పుడు ముందు నొప్పే తెలుస్తుంది. గంగులుకి అలా తెలిసింది. బోటు ముక్కు పట్టుకుని, ధర్మేంద్ర వాళ్ళ నాన్న మొహం మీద తల ఆనించి, మీసం రాని పిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. శివాజీ వెళ్ళి ఇంజను మీది పట్టా విప్పడం మొదలుపెట్టాడు. ధర్మేంద్ర వల ఎత్తి బోటులో వేశాడు.

లక్ష్మణమ్మ ఇంకా విస్తరి వైపే చూస్తోంది. ఒక కాకి గెంతి దాని అంచు మీద నిలబడింది.

"జగన్నాధం" అంది ఆవిడ మళ్ళీ, ఈసారి ఎవరూ చెప్పకుండానే. "తిను."